ఐఐఎం ఇంటర్వ్యూలో ఖాళీగా గడిచిన ఏడాది గురించి ఏమని చెప్పాలి?

కాకినాడ అభ్యర్థి:
పెద్దలకు నమస్కారం. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తయ్యాక ఏడాదిపాటు ఇంటివద్దే ఉండి ఇంజినీరింగ్ పీజీ ప్రవేశపరీక్ష గేట్‌కు చదివాను గాని, ర్యాంకు రాలేదు. రెండేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఈసారి ఎంబీఏ ప్రవేశపరీక్ష క్యాట్‌లో వచ్చిన పర్సంటైల్‌తో కొన్ని కొత్త ఐఐఎంలు కలిసి నిర్వహించే ఉమ్మడి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఆ ఖాళీ ఏడాది గురించి అడిగితే ఏం చెప్పాలి? 'ఎంబీఏ ఎందుకు' అన్న ప్రశ్నకు కోచింగ్‌లో రాయించిన జవాబును బట్టీపట్టాను గాని, చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పదో తరగతి వరకు తెలుగు మీడియం కావడంతో ఇంగ్లీషులోనూ తడబడతాను.

కోరంగి:
నాదీ మీ ఊరే. 2024 ఫిబ్రవరిలో నా ఇంటర్వ్యూ జరిగింది. ఊరి పేరు వినగానే ప్యానెల్‌లోని ఒక ప్రొఫెసర్, అంతకుముందు జూలైలో కేంద్రం బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించిన సంగతి ఎత్తి, మీ రేవు మీద దాని ప్రభావం ఏమిటని అడిగారు. అంకెలు నాకు తెలియవని ఒప్పుకొని, రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్న మా మేనమామ చెప్పినది చెప్పాను: తెల్లబియ్యం ఆగిపోవడంతో మిల్లులు ఉప్పుడు బియ్యం వైపు మళ్లాలని చూశాయని, దానిపైనా ఆగస్టులో 20 శాతం ఎగుమతి సుంకం పడిందని. అక్కడి నుంచి పది నిమిషాలు ఆ చర్చే సాగింది. నిషేధం వల్ల దేశంలో కొనేవాడికి ధర తగ్గితే ఆ భారం రైతు, మిల్లరు, ఎగుమతిదారులలో ఎవరి మీద ఎంత పడుతుందో నా చేతే చెప్పించారు. తెలియనిదాన్ని తెలియదన్నందుకు ఎవరూ తప్పుపట్టలేదు. మీ ఊరు, మీ డిగ్రీ, మీ ఉద్యోగం, ఈ మూడింటినీ క్షుణ్ణంగా చదువుకోండి.

మెకానికల్ అక్క:
ఆ ఏడాదిని దాచవద్దు, సంజాయిషీలతో సాగదీయవద్దు. గేట్‌కు చదివానని, రాలేదని రెండు వాక్యాల్లో చెప్పేయండి. అయితే ఏడాదిపాటు చదివానన్నాక సబ్జెక్టు అడగక మానరు. ఒకచోట నేనూ అలాగే చెప్పి, ఇంజిన్లు పనిచేసే ఒట్టో సైకిల్‌కూ డీజిల్ సైకిల్‌కూ తేడా అడిగితే బిగుసుకుపోయాను. మొదటిదానిలో స్థిర ఘనపరిమాణం వద్ద, రెండోదానిలో స్థిర పీడనం వద్ద ఉష్ణం అందుతుందన్న చిన్న మాట నోటికి రాలేదు. ఆ సీటు పోయింది. థర్మోడైనమిక్స్ పుస్తకం ఈ రాత్రే తీయండి. ఇంగ్లీషు సంగతికొస్తే, పొట్టి వాక్యాల్లో నిదానంగా మాట్లాడితే చాలు. ఎంబీఏ జవాబు మాత్రం మీ టెస్టింగ్ పనిలోంచే రావాలి.

కాకినాడ అభ్యర్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత జవాబు చింపేసి ఇలా రాసుకున్నాను: "చెల్లింపుల యాప్‌లో రిఫండ్ రెండుసార్లు జమయ్యే లోపాన్ని పండుగ ముందు నేను పట్టుకున్నాను. విడుదల ఆపాలా వద్దా అని లోపల రెండు గంటలు చర్చించారు. నేను బయట కూర్చున్నాను. లోపల ఏయే లెక్కలు వేశారో, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో నేర్చుకోవాలని ఉంది." శనివారం సాయంత్రం మీలో ఎవరైనా ఒక గంట ఫోనులో మాక్ ఇంటర్వ్యూ చేయగలరా?