ఫోన్‌లో "సరే" అంటే బుకింగ్ అయినట్టేనా?

చర్చ మొదలుపెట్టినవారు
మాది ఇళ్ల సామాను షిఫ్టింగ్ చేసే చిన్న కంపెనీ. పుస్తకం మానేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినప్పటి నుంచి ఆఫీసులో రోజూ ఇదే గొడవ. కస్టమర్ ఫోన్‌లో "సరే, మీరే రండి" అనగానే సేల్స్ వాళ్లు ఆ లీడ్‌ని (అంటే షిఫ్టింగ్ కోసం విచారించినవాళ్ల వివరాన్ని) 'బుక్డ్' చేసేస్తున్నారు. లారీలు పంపే డిస్పాచ్ వాళ్లేమో అడ్వాన్స్ పడేదాకా ఒప్పుకోరు. మొన్న ఒక తేదీకి మూడు బుకింగులు కనిపించాయి. మా లారీలూ మూడే కాబట్టి తర్వాత అడిగిన ఇద్దరిని వద్దన్నాం. తీరా చూస్తే ఆ మూడింటిలో రెండు నోటిమాటలే! వాళ్లు వేరే కంపెనీతో వెళ్లిపోయారు, మా రెండు లారీలు ఆ రోజంతా ఖాళీగా నిలబడ్డాయి. మీరు ఏ దశలో బుకింగ్ అని రాస్తారు?

సేల్స్ చూసేవారు
ఇంటికి వెళ్లి గది గదికీ సామాను లెక్క రాసి, కొటేషన్ పంపి, నాలుగుసార్లు ఫోన్ చేసి ఒప్పిస్తాం. అప్పటికీ అది "ఇంకా లీడే" అంటే మా పని ఎక్కడ కనిపిస్తుంది? పైగా ఉద్యోగులను వేరే ఊరికి బదిలీ చేసే కంపెనీలు చాలావరకు అడ్వాన్స్ ఇవ్వవు, పర్చేజ్ ఆర్డర్ (పని మీకే ఇస్తున్నామని రాసిచ్చే కాగితం) పంపి పని అయ్యాక బిల్లు కడతాయి. అడ్వాన్స్ పడాలనే డిస్పాచ్ రూల్ ప్రకారం అవి ఎప్పటికీ బుకింగులు కావు.

డిస్పాచ్ చూసేవారు
పర్చేజ్ ఆర్డర్ రాతపూర్వకం కదండీ, దాన్ని నేనెందుకు కాదంటాను? నా బాధంతా నోటిమాటతోనే. లీడ్లు అమ్మే సైట్లు కొన్ని ఒకే నంబర్‌ని నాలుగైదు కంపెనీలకు ఇస్తాయి. ఆ కస్టమర్ అందరితోనూ "సరే" అంటాడు, ధర తగ్గించిన వాళ్లతో వెళ్తాడు. మధ్యలో 'హోల్డ్' అని ఒక దశ పెట్టండి, దానికి 48 గంటల గడువు ఉండాలి. ఆలోపు సంతకమో అడ్వాన్సో రాకపోతే లారీ మళ్లీ ఖాళీ అని చూపించాలి.

రిపోర్టులు తయారుచేసేవారు
హోల్డ్ మంచిదే, కానీ అసలు తప్పు ఒక్క స్టేటస్ గడితో అన్నీ తేల్చాలనుకోవడం. లీడ్ వచ్చిన తేదీ, బుక్ అయిన తేదీ, సామాను కదిలే తేదీ విడివిడిగా ఉండాలి. నెలాఖరున వచ్చిన లీడ్ వచ్చే నెలలో బుక్ అయి, ఆపై నెలలో కదలొచ్చు. ఈ నెల బుకింగులను ఈ నెల లీడ్లతో భాగిస్తే వచ్చే శాతానికి అర్థం లేదు. ఈ నెల వచ్చిన లీడ్లలో చివరికి ఎన్ని బుక్ అయ్యాయో చూడాలి.

ఇంకోటి. 100 లీడ్లు వచ్చాయనుకోండి. ఫారం నింపి మళ్లీ ఫోన్ కూడా చేసి రెండుసార్లు లెక్కలోకి వచ్చినవాళ్లు 12, తప్పు నంబర్లు 8. 20 బుక్ అయి 4 క్యాన్సిల్ అయ్యాయి. బుక్ అయిన 20ని, ఆ 12, 8 తీసేయగా మిగిలిన 80తో భాగిస్తే 25 శాతం; క్యాన్సిల్ పోగా మిగిలిన 16ని మొత్తం 100తో భాగిస్తే 16 శాతం. రెండూ ఒకే నెల లెక్కలే! ఏది వాడతారో ముందే రాసిపెట్టుకోండి. క్యాన్సిల్ అయినదాన్ని మాత్రం దయచేసి వెనక్కి లీడ్‌లోకి తోయకండి, డిలీట్ అసలే వద్దు. 'బుక్ అయి క్యాన్సిల్' అని కారణంతో సహా ఉంచండి. లేకపోతే పాత నెలల రిపోర్టు తీసిన ప్రతిసారీ మారిపోతుంది. ఏ సైట్ లీడ్లు ఎక్కువగా చేజారుతున్నాయో కూడా అక్కడే తెలుస్తుంది.

సేల్స్ చూసేవారు
తేదీల మాట ఒప్పుకుంటాను. కానీ క్యాన్సిల్ అయితే కమీషన్ కోస్తామంటే ఒప్పుకోను. మా చేతిలో లేని కారణాలు చాలా ఉంటాయి. ఇల్లు దొరకలేదని తప్పుకున్నవాళ్లకు మేమేం చేస్తాం?

డిస్పాచ్ చూసేవారు
పని పూర్తయ్యాకే కమీషన్ ఇవ్వాలంటాను. ఇందులో మనం కలవం లెండి.

చర్చ మొదలుపెట్టినవారు
సోమవారం నుంచి హోల్డ్ పెడుతున్నాం, సంతకం లేదా అడ్వాన్స్ లేదా పర్చేజ్ ఆర్డర్ ఉంటేనే బుక్డ్. కమీషన్ సంగతి సేల్స్ వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. కస్టమర్ తేదీ మార్చుకుంటే పాత తేదీని కూడా ఉంచుతున్నారా, దాని మీదే కొత్తది రాస్తున్నారా?

రిపోర్టులు తయారుచేసేవారు
రెండూ ఉంచండి. రెండుసార్లు తేదీ మార్చినవాళ్లకు లారీ కేటాయించే ముందు ఒకసారి ఫోన్ చేసి ఖాయం చేసుకోవచ్చు.