ఎల్డర్‌బెర్రీ జెల్లీ ఎంతకీ గట్టిపడటం లేదు

పొదల్లో కోసుకొచ్చిన నల్ల ఎల్డర్‌బెర్రీలతో జెల్లీ చేస్తున్నాను. కాడలు, పచ్చికాయలు ఏరేసి (వాటితో వాంతులవుతాయి, అక్కడ రాజీ లేదు), 20 నిమిషాలు ఉడికించి గుడ్డలో వడగట్టాను. లీటరు రసానికి 800 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం. థర్మామీటర్ 105 డిగ్రీలు చూపించాకే దించాను. అయినా చల్లారాక సీసా వంచితే పాకంలా జారిపోతోంది. చల్లటి పళ్లెంలో చుక్క వేసి వేలితో నెడితే ముడతే పడదు. మళ్లీ మరిగిస్తే మాడు వాసన వచ్చింది, పండు రుచి పోయింది. ఈ పండులో పెక్టిన్ (జెల్లీని గట్టిపరిచే, పండ్లలో సహజంగా ఉండే పదార్థం) తక్కువని తెలుసు. పొడి పెక్టిన్ మాత్రం నాకిష్టం లేదు. పుల్లటి ఆపిల్ ముక్కలు కలిపి ఉడికించినవాళ్లు చెప్పండి: కిలో ఎల్డర్‌బెర్రీలకు ఎంత ఆపిల్ వేస్తే జెల్లీ నిలబడుతుంది?