అప్‌డేట్: మా నాలుగేళ్ల పాప ఇంగ్లిష్ ఉచ్చారణ

పాప ‘ఫిష్’ని ‘పిష్’ అంటోంది, ‘బస్’ని ‘బస్సు’ అంటోంది, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడాలా అని అడిగాను కదా. మానలేదండీ. మానక్కర్లేదని మీలో చాలామంది అన్నదే స్పీచ్ థెరపిస్టు గారూ చెప్పారు. ముందు వినికిడి పరీక్ష చేయించారు, అంతా బాగానే ఉంది.

అచ్చ తెలుగు మాటల్లో ‘ఫ’ శబ్దం లేదు, మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే పిల్లల నోరు అటే పోతుందట. పై పళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలడం అద్దం ముందు ఆటలా ఆడించాం. ‘ఫిష్’, ‘ఫ్యాన్’ ఇప్పుడు చక్కగా పలుకుతోంది! ‘థింక్’లో శబ్దం మాత్రం ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలకే చాలామందికి అయిదారేళ్లకు గానీ కుదరదట, దాన్ని వదిలేశాం.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. “ఐ గోడ్ టు పార్క్” అంటే తప్పని ఆపకుండా, “ఓ, యూ వెంట్ టు ద పార్క్?” అని మాట కలపడం. తప్పు పట్టినప్పుడు మూగనోము పట్టే పిల్ల, ఇప్పుడు తనే ఇంకో వాక్యం కలుపుతోంది.

అమ్మమ్మ కథలు తెలుగులోనే సాగుతున్నాయి. ‘వ్యాన్’ (van)కీ ‘వన్’ (one)కీ మొదటి శబ్దంలో తేడా ఇంకా రాలేదు. మీ పిల్లలకి అదెలా నేర్పారో చెప్పరూ?