వైను కాచామా, కాగబెట్టామా?

మొన్న శనివారం ఇంట్లో గ్లూవైన్, అంటే మసాలా దినుసులు వేసి వేడిచేసే వైను, చేశాను. నేను ఉంటున్నది జర్మనీలో. ఇక్కడ డిసెంబరు వచ్చిందంటే ఊరి నడిబొడ్డున క్రిస్మస్ సంత, సంతలో ఎవరి చేతిలో చూసినా పొగలు కక్కే కప్పు. పొయ్యి దగ్గర ఉండగా అమ్మ ఫోను చేసి ఏమి చేస్తున్నావని అడిగింది. "వైను కాస్తున్నాను" అన్నాను. కాసేపు మాట లేదు. తరువాత "సారా కాచే ఖర్మ నీకెందుకురా?" అంది.

తప్పు నాదే. పాలు కాస్తాం, నెయ్యి కాస్తాం, కషాయం కాస్తాం. పక్కన మత్తు పానీయం చేరగానే అదే 'కాచు' బట్టీ దగ్గరికి తీసుకుపోతుంది. మరి ఈ పనికి సరైన క్రియ ఏది?

మరిగించడం మాత్రం కాదు. లీటరు ఎర్ర వైను, వేలెడు దాల్చినచెక్క, అయిదారు లవంగాలు, ఒక అనాసపువ్వు, చక్రాలుగా కోసిన నారింజ పండు, నాలుగు చెంచాల చక్కెర. సన్న సెగ మీద పెట్టి, గిన్నె అంచున సన్నటి బుడగలు కట్టేలోపే మంట తగ్గించి మూత పెట్టాలి. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి పొంగు రానిస్తే అది ఆవిరిలో పోతుంది, లవంగం ఘాటు చేదుగా దిగుతుంది. (సీసా మీద గ్లూవైన్ అని రాసి అమ్మాలంటే ఆల్కహాలు 7 శాతానికి తగ్గకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన కూడా ఉంది.)

పేర్లలో మాత్రం ఎవరి దారి వారిది. జర్మన్ 'గ్లూయెన్' అంటే నిప్పుకణికలా ఎర్రగా వెలగడం. స్వీడన్ వారి 'గ్లోగ్' దాని చుట్టమే. హంగేరీ వారి 'ఫొర్రాల్ట్ బోర్', రుమేనియా వారి 'విన్ ఫియెర్ట్' రెండింటికీ అర్థం మరిగించిన వైను. ఇటలీలో 'విన్ బ్రూలే', అంటే ఏకంగా కాల్చిన వైను! ఫ్రెంచివారు 'వేడి వైను' అని చేతులు దులుపుకున్నారు.

వ్యాఖ్య: 'వెచ్చబెట్టిన వైను' అంటే సరిపోదా?

నేను: రాత్రి మిగిలిన పులుసును పొద్దున వెచ్చబెడతాం. ఆ మాటలో పాచివాసన ఉంది. దినుసుల సారం దిగడం అందులో లేదు.

వ్యాఖ్య: ఆయుర్వేదం చదివినదాన్ని కాబట్టి చెబుతున్నాను. కషాయ కల్పనలు, అంటే మందు తయారుచేసే పద్ధతులు, అయిదు: స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం. క్వాథాన్ని నాలుగో వంతు మిగిలేదాకా మరిగిస్తారు. వేడి నీళ్లలో దినుసులు వేసి, మూతపెట్టి, వడగట్టేది ఫాంటం. మీరు చేసింది ఫాంటానికి దగ్గర. అయితే వంటింట్లో ఆ మాట ఎవరూ వాడరు.

వ్యాఖ్య: 'కాచు'ను అంత సులువుగా వదలకండి. చలి కాచుకుంటాం కదా. మంచులో నిలబడి ఆ కప్పును రెండు చేతులా పట్టుకున్నవారు చేసేది అదే.

నేను: మంచి మాట. కానీ అక్కడ వేడెక్కేది మనం, గిన్నెలో ఉన్నది కాదు. 'మసాలా ద్రాక్షసారా' అని ఒకరు విడిగా సందేశం పంపారు. 'సారా' అనగానే మళ్లీ మా అమ్మ దగ్గరికే వస్తాం. తెలుగు బైబిల్లో వైనును 'ద్రాక్షారసము' అన్నారు. ఇప్పుడు ఆ మాట వింటే పిల్లలు తాగే పళ్లరసమే గుర్తుకొస్తుంది. వైనును వైను అనే ఉంచుదాం, క్రియ సంగతి చూడండి.

వ్యాఖ్య: కాగబెట్టడం అనండి. నీళ్లు కాగాయి, స్నానానికి రండి అంటాం. ఆ నీళ్లు మరగలేదు, గోరువెచ్చగానూ లేవు. చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. మీరు చెప్పిన వేడి సరిగ్గా అదే.

నేను: ఇది కుదిరింది. కాగబెట్టిన వైను. నిన్న రాత్రే అమ్మకు ఫోను చేసి, "ఆరోజు వైను కాచలేదమ్మా, కాగబెట్టాను" అని చెప్పాను.

"తలకు పోసుకోవడానికా?" అంది.