మోంటే సాంటాంజెలో గుహ: పూజ జరిగేటప్పుడు టూరిస్టుల్ని దిగనివ్వాలా?

కొండగాలి:
ఇటలీలో పూలియా వైపు, గార్గానో కొండ మీద దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. బారీ నుంచి వెళ్లొచ్చాం. అతిదూత (దేవదూతల్లో పెద్ద) మిఖాయేలు గుడి గుహలో ఉంటుంది, వీధి నుంచి 86 మెట్లు కిందికి దిగాలి. మేం దిగేసరికి దివ్యబలిపూజ (కతోలికుల మాస్) నడుస్తోంది. ఒక ముసలావిడ మోకాళ్ల మీద ఉంది. ఫోన్ పైకెత్తి పట్టుకుని ఒకతను ఆవిడ ముందునుంచే దాటుకుంటూ పోయాడు. ఒళ్లు మండింది నాకు. పూజ అయ్యేదాకా టూరిస్టుల్ని మెట్ల దగ్గరే ఆపాలి. మీరేమంటారు?

పాతపుస్తకం:
ఆపడమేంటి అక్కా? 2011 నుంచి అది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, ఒకప్పుడు ఇటలీని ఏలిన లాంగోబార్డులనే జర్మానిక్ జాతి కాలపు ఏడు చోట్లలో ఒకటిగా. 1076లో కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) చేయించి తెచ్చిన కంచు తలుపులు ఆ గుడి వాకిలికే ఉన్నాయి. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం దిగిపోయేవాళ్లు ఇంకెప్పుడు చూస్తారు? అయినా ఎవరు భక్తులో ఎవరు కాదో మెట్ల దగ్గర నిలబడి తేల్చేదెవరు? నేను హిందువుని. ఆ రాతి కప్పు కింద కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. నన్ను ఏ లైన్లో నిలబెడతారు?

గుంటూరు కుర్రాడు:
చరిత్ర కోసం వెళ్లేవాళ్లు గుహ దగ్గర తోసుకోనక్కర్లేదండీ. గుడి కిందే లాంగోబార్డుల నాటి పాత కట్టడం ఉంది, టికెట్ తీసుకుని చూడొచ్చు. ఆనాటి యాత్రికులు గోడల మీద పేర్లు చెక్కుకున్నారు. కొన్ని రూన్ అనే పాత ఉత్తర ఐరోపా లిపిలో ఉంటాయి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆంగ్లోసాక్సన్లవి. గుడిలో అక్కడక్కడా అరచేతుల గుర్తులూ కనిపిస్తాయి: రాయి మీద చెయ్యి ఆనించి, వేళ్ల చుట్టూ గీత చెక్కి వెళ్లిపోయారు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది వాటి దగ్గరే. పూజ అయ్యేదాకా ఊళ్లోని పాత యూన్నో పేటలో తెల్లటి ఇళ్ల మధ్య తిరిగినా బాగుంటుంది. ఓస్తియే రిపియేనే అనే అక్కడి మిఠాయి తినకుండా రావద్దు. పూజలో ఇచ్చే అప్పంలాంటి పల్చటి రేకులు రెండు, మధ్యలో తేనె, బాదం.

కొండగాలి:
1216లో పునీత అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారు ఇక్కడిదాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టే అర్హత తనకి లేదని వాకిట్లోనే ఆగిపోయారని చెప్పుకుంటారు. అంతటాయనే ఆగితే, మనం కాసేపు ఆగలేమా?

పాతపుస్తకం:
ఆయన తనంతట తాను ఆగారక్కా. ఎవరూ ఆపలేదు.

కొండగాలి:
తమంతట తాము ఆగనివాళ్లతోనే కదమ్మా గొడవంతా! సెప్టెంబర్ 29 మిఖాయేలు పండగ రద్దీలో ఆ ముసలావిడలాంటి వాళ్లు ఎక్కడ మోకరిల్లాలి? కనీసం ఫోన్లయినా పైనే పెట్టించాలి.

పాతపుస్తకం:
ఫోన్ల విషయంలో నేనూ మీవైపే. నిలబడి, నోరు మూసుకుని చూసేవాళ్లని మాత్రం ఆపడానికి ఒప్పుకోను.