బిల్లింగ్‌లో కూర్చోబెట్టేశారు, మళ్లీ సైట్ మీదికి వెళ్లేదెలా?

ప్రశ్న:
సివిల్ చేసి సైట్ ఇంజనీర్‌గా చేరాను. మొదట్లో షట్టరింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) చెక్ చేయడం, స్లాబులు వేయించడం, 7 రోజులకీ 28 రోజులకీ కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టులు అన్నీ నేనే చూసుకునేదాన్ని. తర్వాత "ఆడపిల్లవి, ఆ ఎండలో ఎందుకమ్మా" అంటూ బిల్లింగ్‌లోకి, అంటే జరిగిన పని లెక్కగట్టి బిల్లులు పెట్టే చోటికి మార్చారు. ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్ పోస్టు అడిగితే ఎగ్జిక్యూషన్ (సైట్ మీద పని చేయించిన) అనుభవం చాలదట! దూరం పెట్టింది వాళ్లే కదా. ఏ ప్రాజెక్టు వస్తోంది, ఎవరిని ఎక్కడ వేస్తారు అన్నది మగవాళ్లు పనయ్యాక కూర్చున్న చోటే తేలిపోతుంది, నాదాకా వచ్చేసరికి పేరు ఖరారైపోయి ఉంటుంది. పరిచయాలు పెంచుకో అని అందరూ అంటారు, ఎవరితో పెంచుకోవాలండీ?

జవాబు 1:
బిల్లింగ్‌ని తక్కువ చేసుకోకండి. సబ్ కాంట్రాక్టర్లు, కన్సల్టెంటు, క్లయింట్ వైపు పని కొలతలూ బిల్లులూ సరిచూసే క్వాంటిటీ సర్వేయరు, వీళ్లందరితో రోజూ మాట్లాడేది మీరే, సైట్‌లో ఉన్నవాళ్లకి కూడా అంతమంది తెలియరు. నా సంగతి చెప్తాను. డ్రాయింగ్ రివిజన్‌లో స్టీలు తగ్గినా మా వాళ్లు పాత బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కమ్మీ ఎంత కావాలో రాసే పట్టిక)తోనే బిల్లు పెట్టబోయారు, నేను ఆపి, కొత్త డ్రాయింగ్ నంబరు వేసి, ఏ బీమ్‌లో ఎంత తగ్గిందో చూపిస్తూ షీటు పంపాను. క్లయింట్ వైపు సర్వేయర్‌కి అది గుర్తుండిపోయింది, తర్వాత వాళ్ల దగ్గర ఖాళీ వస్తే ఆయనే ఫోన్ చేశారు. నేను ఏ పార్టీకీ వెళ్లలేదు.

జవాబు 2:
పై మాట నిజమే కానీ అందరికీ అలా ఫోన్ రాదు. సైట్ కావాలంటే నోటితో కాదు, మెయిల్‌లో అడగండి, అదీ "అవకాశం ఇవ్వండి" అని కాదు, "ఫలానా బ్లాక్ ఫినిషింగ్ నాకు అప్పగించండి, లేబర్, మెటీరియల్, షెడ్యూల్ మూడూ నావే" అని. కాదంటే కారణం కూడా రాతలోనే వస్తుంది, తర్వాతి అప్రైజల్‌లో పనికొస్తుంది. ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్‌కి డిగ్రీ ఉన్నవాళ్లని 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు, కాబట్టి బిల్లింగ్‌లో ఉన్నా మీరు ముందుండి నడిపిన పనులు తేదీలతో రాసిపెట్టుకోండి.

జవాబు 3:
ఆడవాళ్ల సంఘాల్లోనూ చేరండి. అమెరికాలో 1953లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 16 మంది ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టిన చిన్న గుంపే ఇప్పటి నావిక్, నిర్మాణ రంగంలోని ఆడవాళ్ల సంఘం. వాళ్లదీ ఇదే బాధ, మగవాళ్ల మధ్య ఒంటరిగా పనిచేయడం. అలాంటి చోట జీతం ఎంత అడగాలి, ఏ సైట్‌లో టాయిలెట్ కూడా ఉండదు లాంటివి మొహమాటం లేకుండా చెప్తారు. అయితే అక్కడితో ఆగితే పని కాదు, ప్రమోషన్ మీద సంతకం పెట్టేవాడు ఆ గదిలో ఉండడు. ఇంజనీర్ల సంఘం మీటింగులకీ వెళ్లి ఓ సాంకేతిక విషయం మీద మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు:
మెయిల్ ఈ రాత్రికే రాస్తున్నా. మా మేనేజర్‌కి పంపితే తొక్కిపెడతాడని టెన్షన్‌గా ఉంది, హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టనా?

జవాబు 2:
మొదటిసారి వద్దు, ఆయనకొక్కడికే పంపండి. పది రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్ మీద గుర్తు చేస్తూ అప్పుడు హెచ్‌ఆర్‌ని కలపండి.