దూరదర్శన్ ‘రామాయణం’ ఆ నటులను నిలబెట్టిందా, ఆపేసిందా?

పాతచిత్రాల_పెట్టె:
రామానంద్ సాగర్ ‘రామాయణం’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకటే మాట వింటున్నాను. ఎవరికీ తెలియని కొత్తవాళ్ళను తెచ్చి దేవుళ్ళను చేశారట. 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా 78 భాగాలు నడిచిన ఆ ధారావాహికలో ముఖ్య పాత్రధారులు కొత్తవాళ్ళు కానే కారు. రాముడు వేసిన అరుణ్ గోవిల్ 1977లో ‘పహేలీ’తో సినిమాల్లోకి వచ్చారు. 1979లో ఆయన కథానాయకుడుగా ‘సావన్ కో ఆనే దో’ బాగా ఆడింది. సీత వేసిన దీపికా చిఖలియా 1983లోనే కథానాయిక. మేఘనాథుడు వేసిన విజయ్ అరోడా పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, 1973లో ‘యాదోం కీ బారాత్’లో జీనత్ అమన్ సరసన నటించారు. మంథర వేసిన లలితా పవార్ మూకీల కాలం నాటి మనిషి. వీళ్ళను ఆ సీరియల్ తయారు చేయలేదు. నడుస్తున్న దారిలో ఆపేసింది. అందరికంటే ఎక్కువగా రాముణ్ణి ఆపేసింది.

భాగవతప్రియ:
‘ఆపేసింది’ అన్న మాట మింగుడు పడటం లేదండి. మీరు చెప్పిన ఆ 1979 సినిమా ఈ రోజు ఎవరికి గుర్తుంది? 2020 లాక్‌డౌన్‌లో మార్చి 28 నుంచి ‘రామాయణం’ మళ్ళీ వేస్తే మూడు తరాలు ఒకే గదిలో కూర్చుని చూశాయి. దీపిక గారు 1991లో బరోడా నుంచి, రావణుడు వేసిన అరవింద్ త్రివేది గారు అదే ఏడు సాబర్‌కాంఠా నుంచి లోక్‌సభకు గెలిచారు. గోవిల్ గారు 2024లో మేరఠ్ నుంచి గెలిచారు. ఇది ఆగిపోవడం ఎలా అవుతుంది?

నాలుగోవరుస:
గోవిల్ హీరో అయి ఉండవచ్చు, స్టార్ మాత్రం కాదు.

పాతచిత్రాల_పెట్టె:
స్టార్ అని నేను ఎక్కడ అన్నాను? కొత్తవాడు కాడు అన్నాను. రెండూ వేరు.

నాలుగోవరుస:
ఒక సినిమా ఆడిన తరువాత ఏళ్ళ తరబడి పెద్ద విజయం లేదంటే పరిశ్రమ దృష్టిలో ఆయన మళ్ళీ వరుస చివరికి వెళ్ళినట్టే. సాగర్ గారు 1985లో ‘విక్రమ్ ఔర్ బేతాల్’లో విక్రముడి వేషం ఇవ్వబట్టే టీవీ ప్రేక్షకులకు తెలిశారు. దీపిక, తరువాత హనుమంతుడు వేసిన దారా సింగ్, త్రివేది కూడా అందులో వేశారు. అంటే ‘రామాయణం’ బృందం అక్కడే తయారైంది. కాబట్టి సీరియల్ తయారు చేయలేదన్న మీ వాదన నిలవదు.

పాతచిత్రాల_పెట్టె:
మీరు నా ప్రశ్నను వదిలేసి విక్రముడి వెంట పడ్డారు. 1988 తరువాత గోవిల్‌కు వచ్చిన పెద్ద వాణిజ్య చిత్రం ఒక్కటి చెప్పండి. మామూలు సినిమాలు రావడం ఆగిపోయిందని ఆయనే ముఖాముఖీల్లో చెప్పారు. 1997లో వి. మధుసూదనరావు హిందీలో ‘లవ్ కుశ్’ తీస్తే రాముడు జితేంద్ర, సీత జయప్రద. గోవిల్‌కు దక్కింది లక్ష్మణుడి వేషం! దేశమంతా రాముడని మొక్కిన మనిషిని, రాముడి కథ తీసినప్పుడు కూడా రాముడుగా తీసుకోలేదు. దీన్ని మించిన ఆధారం ఏం కావాలి?

రంగస్థలి:
ఇద్దరూ గోవిల్ దగ్గరే ఆగిపోయారు. తారాగణం మొత్తాన్ని చూడండి. త్రివేది వెనుక గుజరాతీ నాటకరంగం ఉంది, గుజరాతీ సినిమా ఉంది. రావణుడు అయిపోయినా ఆయన తిరిగి వెళ్ళడానికి ఒక చోటు మిగిలింది. దారా సింగ్ 1968లో పేరున్న అమెరికా కుస్తీవీరుడు లౌ థెజ్‌ను ఓడించిన మల్లయోధుడు. 1976లోనే ‘బజరంగబలి’లో హనుమంతుడు వేశారు. టీవీ ఆయనకు కొత్తగా పెట్టింది ఏమీ లేదు, తీసుకున్నదీ లేదు. దూరదర్శన్‌లోనే వచ్చిన ‘మహాభారతం’ సీరియల్ వాళ్ళనూ కలిపితే ఇంకా స్పష్టమవుతుంది. ద్రౌపది వేసిన రూపా గంగూలీ బెంగాలీ సినిమాలో మంచి పాత్రలు వేశారు. గాయనిగా కూడా జాతీయ పురస్కారం అందుకున్నారు. కృష్ణుడు వేసిన నితీశ్ భరద్వాజ్ చదివింది పశువైద్యం. 1991లో మలయాళంలో పద్మరాజన్ ఆయనతో ‘ఞాన్ గంధర్వన్’ తీశారు. భీష్ముడు వేసిన ముకేశ్ ఖన్నా 1997లో సొంతంగా ‘శక్తిమాన్’ నిర్మించుకున్నారు. హిందీ వాణిజ్య చిత్రాలనే నమ్ముకున్న వాళ్ళకు దారి మూసుకుపోయింది. మరో భాష, మరో రంగం, సొంత నిర్మాణం ఉన్నవాళ్ళు బయటపడ్డారు. నేపథ్యం ముఖ్యమనేది ఇందుకే. పాత్రను తిట్టి లాభం లేదు.

గోదావరి_లంక:
మన రామారావు గారిని మరిచిపోయారా? 1961లో ‘సీతారామ కళ్యాణం’లో రావణుడు, 1963లో ‘లవకుశ’లో రాముడు. జనం రెండింటికీ నీరాజనాలు పట్టారు. నటనలో దమ్ముంటే ఏ ముద్రా ఆపలేదు.

రంగస్థలి:
గోదావరి_లంక గారూ, ఆ పోలిక కుదరదు. రామారావు గారు పౌరాణికం వేస్తున్న ఏడాదిలోనే సాంఘికాలు, జానపదాలు వేసేవారు. ప్రేక్షకుడు ఆయనను ఈ వారం కిరీటంతో, వచ్చే వారం పంచెకట్టుతో చూసేవాడు. తెలుగులో అప్పుడు పౌరాణికం ఒక పరిశ్రమ. 1988లో హిందీలో పౌరాణిక చిత్రాలు దాదాపు కనుమరుగయ్యాయి. ఒకే ముఖం, ఒకే వేషం, ప్రతి ఆదివారం ఉదయం, దేశంలో చాలా ఇళ్ళలో కనిపించే ఒకే ఒక ఛానెల్. ఆ ముద్ర ఎంత లోతుగా పడుతుందో ఆలోచించండి.

తెరవెనుక:
రంగస్థలి గారు ‘మరో చోటు’ అని తేలికగా అనేశారు. ఆ చోటు అందరికీ ఉండదు. నేను తెలుగులో ఒక దినవారీ సీరియల్‌లో ఏళ్ళ తరబడి పెద్ద కోడలి పాత్ర వేశాను. అది నడిచినన్నాళ్ళూ ఇంకెక్కడా కనిపించకూడదని ఒప్పందం. వచ్చిన రెండు సినిమా వేషాలు ఆ కాగితం వల్లే వదులుకున్నాను. సీరియల్ అయిపోయిన మర్నాటి నుంచి ఫోను లేదు. ‘మీ ముఖం చూస్తే ఆ కోడలే కనిపిస్తోందమ్మా, పోలీసు వేషానికి సరిపోరు’ అని ముఖం మీదే చెప్పారు. గుడికి వెళ్తే పెద్దవాళ్ళు చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునేవారు. ఆ నెల ఇంటి అద్దె కట్టడానికి గాజులు అమ్మాను. కాబట్టి గౌరవం దక్కింది కదా, ఇంకేం కావాలి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

భాగవతప్రియ:
అమ్మా, మీ కష్టం విని బాధ కలిగింది. కానీ అత్తాకోడళ్ళ సీరియల్‌నూ రామపాత్రనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. రాముడి వేషం దొరకడం పూర్వజన్మ సుకృతం. దానికి అద్దె లెక్కలు ఏమిటి?

తెరవెనుక:
మేకప్ వేసుకుని దీపాల కింద నిలబడటానికి దేవుడి వేషమైతే కాళ్ళు నొప్పి పుట్టవా? నా పని తక్కువ, ఆ పని ఎక్కువ అని తేల్చడానికి మీరు ఎవరు?

నాలుగోవరుస:
అసలు ప్రశ్న గోవిల్ 1987కు ముందు ఏ స్థాయిలో ఉన్నాడన్నది. అది ఇంకా తేలలేదు.

పాతచిత్రాల_పెట్టె:
తేలింది. మీరే ఒప్పుకోవడం లేదు.

భాగవతప్రియ:
ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డ రోజులవి. ఆదివారం ఉదయం తనకు స్నానం చేయించి, ఉతికిన పంచె కట్టి, టీవీ ముందు కూర్చోబెట్టమని సైగ చేసేవారు. తెర మీద రాముడు నవ్వితే, పనిచేసే ఒక్క చేతినీ ఎత్తి నుదుటికి ఆనించేవారు. ఆ ఇంటికి అప్పుడు వచ్చిన సంతోషం అదొక్కటే. ఆ ముఖాన్ని పట్టుకుని మీరంతా ‘దారి మూసుకుపోయింది’, ‘ఆగిపోయాడు’ అని సంతలో పశువు ధర కట్టినట్టు మాట్లాడుతుంటే తట్టుకోలేకపోతున్నాను. సిగరెట్ తాగుతుండగా ఒక అభిమాని కోప్పడితే మానేశానని గోవిల్ గారే చెప్పారు. మా నమ్మకాన్ని ఆయన అంతగా గౌరవించారు. మీరు ఆయన పక్షాన మాట్లాడుతున్నామంటూ ఆయన గౌరవించిన దాన్నే తప్పు పడుతున్నారు.

తెరవెనుక:
మీ నాన్నగారి చేతికి నేనూ దండం పెడతాను. ఆ భక్తి తప్పని నేను ఎక్కడా అనలేదు. నేను అడిగేది ఒక్కటే. మీ నాన్నగారి రాముడు చెక్కుచెదరకుండా ఉండటానికి, మేరఠ్ నుంచి బొంబాయి వచ్చిన ఒక నటుడు తన తరువాతి వేషాలన్నీ వదులుకోవాలా? ఒకవేళ ఆయన ఆ మరుసటి ఏడాది తాగుబోతు వేషం వేసి ఉంటే మీరు చూసేవారా? నిజం చెప్పండి.

రంగస్థలి:
భీముడు వేసిన ప్రవీణ్ కుమార్‌ను ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 1966, 1970 ఆసియా క్రీడల్లో డిస్కస్ త్రోలో బంగారు పతకాలు, రెండు ఒలింపిక్స్. సరిహద్దు భద్రతా దళంలో పనిచేశారు. వీధిలో అందరూ భీముడని పిలిచారు. 2021లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, క్రీడాకారుల పింఛను తనకు దక్కలేదని వాపోయారు. అంత పెద్ద నేపథ్యం కూడా ఆయనను ఆదుకోలేదు. తెరవెనుక గారి మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

భాగవతప్రియ:
తెరవెనుక గారికి జవాబు. చూసేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఎవరూ చూసేవారు కాదు. చూడమని ఎవరైనా చెప్పినా టీవీ ఆపేసేవాళ్ళం.

తెరవెనుక:
మీరు నిజం చెప్పారు, అది చాలు. నాకు వేషం ఇవ్వని నిర్మాత కూడా ఇదే చెప్పాడు, ‘జనం చూడరమ్మా’ అని. అప్పుడు వాడు అబద్ధం చెబుతున్నాడని అనుకున్నాను.

భాగవతప్రియ:
మీకు పని దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఆ ఒక్క రాముడి విషయంలో నా మనసు మార్చుకోమని అడగకండి.

నాలుగోవరుస:
‘సావన్ కో ఆనే దో’ విజయంలో సగం పాటలదే. ఆ సంగతి ఎవరూ మాట్లాడరేం?